అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టేవారిపై కఠిన చర్యలు తప్పవు

ప్రైవేటు ఆస్పత్రుల వారికి ఈమధ్య పెద్ద టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేసి మరీ అపాయింట్‌మెంట్ తీసుకున్న జనం తీరా ఆ రోజుకి పత్తా ఉండటం లేదు. ఇదేం చిన్న నేరం కాదు. డాక్టరుగారి పావుగంట గంగలో కలిసినట్టే. ఆ పావుగంటలో ఆయన ఏడుగురిని చూసి పంపేవారు.

పైగా వీళ్ళు చెప్పే సాకులు! "జ్వరం తగ్గిపోయిందండీ" అంటాడొకడు. తగ్గితే మాత్రం ఇచ్చిన మాట తప్పుతామా? శుక్రవారం 10:30 నుంచి 12 దాకా రాహుకాలం కదా అంటుందొకావిడ. ఓపీ కిటకిటలాడే వేళే దొరికిందా ఆ రాహువుకి? ఒక పూట కూలి పోతుందంటాడు మరొకడు. అతనికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు కనుక ఆ విషయం వదిలేద్దాం.

క్రమశిక్షణ గల రోగిని చూడండి. 10 గంటలకు రమ్మంటే తొమ్మిది ముప్పావుకే వస్తాడు. చెప్పులు బయట విడిచి, ఓపీ చీటీ రాయించుకుని, బరువూ బీపీ చూపించుకుని బెంచీ మీద సర్దుకుంటాడు. 10 గంటలకే రమ్మన్నవాళ్ళు అప్పటికే 18 మంది. సార్ దారిలో ఉన్నారు. పదకొండున్నరకీ దారిలోనే ఉంటారు. వచ్చాక ముందు బ్యాగులతో మెడికల్ రెప్పులు వెళ్తారు, తర్వాత "ఒక్క రిపోర్టు చూపించి వచ్చేస్తానండీ" అనేవాళ్ళు, ఆ తర్వాత కాంపౌండరు గారి తోడల్లుడు. మనవాడి టోకెన్ 7. పాపం, తను ఏడోవాడినే అనుకుంటున్నాడు.

ఇందులో ఆస్పత్రి తప్పేమీ లేదు. కొందరు ఎలాగూ ఎగ్గొడతారు కాబట్టి ఎక్కువమందిని రమ్మంటారు. ఎక్కువమంది వచ్చారు కాబట్టి గంటలు పడుతుంది. గంటలు పడుతుంది కాబట్టి జనం ఎగ్గొడతారు. లెక్క సరిపోయింది.

ఇంగ్లండులో నార్మన్ బెయిలీ అనే గణాంకవేత్త 1952లోనే ఓపీ క్యూల మీద లెక్కలు కట్టాడు. మొదట ఇద్దరిని రమ్మని, ఆ తర్వాత ఒక మనిషిని చూడటానికి సగటున పట్టేంత వ్యవధి ఇస్తూ ఒక్కొక్కరినే రమ్మంటే చాలన్నాడు. డాక్టరు టైముకి వస్తాడనుకుని వేసిన లెక్క అది. మనకి పనికిరాదు. అదే దేశంలో రిషి సునాక్ 2022లో ప్రధాని పదవికి పోటీపడుతూ, అపాయింట్‌మెంట్ ఎగ్గొడితే 10 పౌండ్ల జరిమానా అన్నారు. గద్దెనెక్కాక ఆ హామీని తానే ఎగ్గొట్టారు.

ముందురోజు మెసేజ్ పెడితే గైర్హాజరు తగ్గుతుందని చాలాచోట్ల తేలింది. మనవాళ్ళూ పెడుతున్నారు, "రాలేకపోతే ముందుగా తెలియజేయండి" అని. తెలియజేద్దామని ఫోన్ చేస్తే ఎత్తే నాథుడుండడు. ఎత్తితే ఆ టైము ఇంకొకరికి ఇవ్వచ్చు కదా అనే అమాయకులు కొందరున్నారు. ఆ టైము ఆ ఇంకొకరికి కూడా ఎప్పుడో ఇచ్చేశారు.