'బ్యాక్ ఎల్బో అప్' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'బ్యాక్ ఎల్బో అప్' గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న శనివారం పిల్లల బేస్‌బాల్ మ్యాచ్‌కి తమరు మళ్ళీ వేంచేశారు. ఐదో ఇన్నింగ్స్, బేస్‌ల మీద ఇద్దరు, ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే పలక) దగ్గర తొమ్మిదేళ్ళ బుడ్డోడు, రెండు స్ట్రైక్‌లు, మూడోది పడితే అవుట్. చలికాలమంతా గ్యారేజీలో వల కట్టి, టీ (బంతిని నిలబెట్టే రబ్బరు కర్ర) మీద బంతులు పెట్టి, ఆ కుర్రాడి భుజం దించి, మోచెయ్యి వదులు చేయించి పంపితే ప్రేక్షకుల బెంచీల్లోంచి తమరి కంఠం ఖంగుమంది: "బ్యాక్ ఎల్బో అప్, బడ్డీ!" వెనక మోచెయ్యి లేపమని. వాడు పెద్దల మాట వినే పిల్లాడు. వెనక మోచేతిని చెవి దాకా లేపాడు. బంతి బెల్టు ఎత్తులో నడి ప్లేట్ మీదుగా వచ్చింది, బ్యాట్ దాని కిందనుంచి పోయింది. స్ట్రైక్ త్రీ. తమరేమో చప్పట్లు కొట్టి "గుడ్ ట్రై" అని సెలవిచ్చారు. తమరి పెద్ద మనసు.

తమరు అందరి నోటా ఉంటారు. అంపైర్‌కి నీళ్ళందించే తాత నోటా, పోయినేడాదే కోచ్ టోపీ పెట్టిన వాలంటీర్ నోటా. మన తెలుగు నాన్నల నోట మరీ ధాటిగా పలుకుతారు. దానికో కారణముంది. క్రికెట్ ఆడి పెరిగినవాడికి ఎవరో ఒక సారు "ఎల్బో పైకి!" అని నేర్పే ఉంటాడు. అది ముందు మోచెయ్యి, కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి ఎడమది. అది లేస్తే బ్యాట్ నిలువుగా దిగుతుంది, స్ట్రెయిట్ డ్రైవ్ నేల మీద పోతుంది. ఇక్కడ బంతి నేల తాకకుండా వస్తుంది, బ్యాట్ అడ్డంగా తిరగాలి, తమరు లేపమనేది వెనక మోచేతిని. చెయ్యి మారింది, ఆట మారింది. అరుపు మాత్రం వీసా స్టాంపింగ్ కూడా అక్కర్లేకుండా అమెరికా దిగిపోయింది.

తమరు లేపమన్నాక ఏం జరుగుతుందో ఎప్పుడైనా చూశారా? మోచెయ్యి భుజం ఎత్తు దాటగానే వెనక భుజం చెవి వైపు పాకుతుంది, మెడ పక్క కండరం బిగుస్తుంది. స్వింగ్ మొదలు కావాలంటే ఆ మోచెయ్యి ఎలాగూ పక్కటెముకల దగ్గరికి దిగాల్సిందే. అంటే అనవసరంగా ఎక్కించిందంతా పిల్లాడు అనవసరంగా దించాలి. ఎంత వ్యవధిలో? పిల్లల లిటిల్ లీగ్‌లో పిచ్చర్ (బంతి విసిరేవాడు) కాలు ఆనించే రబ్బరు పలక నుంచి ప్లేట్‌కి 46 అడుగులు. గంటకి 50 మైళ్ళ బంతి అర సెకను మీద కాస్త ఎక్కువలో వచ్చేస్తుంది. కొట్టాలా వదలాలా అని తేల్చుకునేది కూడా ఆ కాస్తలోనే.

పెద్దవాడైతే నడుము ముందు తిప్పి, చేతులు వెనక రానిచ్చి ఎలాగోలా సర్దుకుంటాడు. తొమ్మిదేళ్ళవాడి ముంజేతుల్లో అంత బలమెక్కడిది? మోచెయ్యి దబ్బున పడుతుంది, దాంతోపాటు వెనక భుజం కుంగుతుంది, బ్యాట్ లావు భాగం చేతుల కిందకి వేలాడిపోతుంది. లేకపోతే అంతకన్నా ఘోరం: మోచెయ్యి చేతుల్ని దాటేసి బొడ్డు ముందుకి దూసుకొస్తుంది, బ్యాట్ మాత్రం ఎద్దు వెనక నాగలిలా ఈడ్చుకుంటూ వస్తుంది. కోచ్‌లు బ్యాట్ డ్రాగ్ అని తల పట్టుకునేది దీనికే. ఇక ఛాతీ ఎత్తు బంతి తగలదు. లోపలికొచ్చిన బంతి బ్యాట్ మెడకి తగిలి చేతులు జివ్వుమంటాయి. పొరపాటున బాగా తగిలినా గాల్లోకి లేచి సెకండ్ బేస్‌మన్ గ్లవ్‌లో పడుతుంది.

నమ్మకం లేకపోతే ఫోన్ తీయండి. స్లో మోషన్‌లో పెట్టి, పిల్లాడి ఛాతీకి ఎదురుగా, ప్లేట్‌కి అవతలి వైపు దూరంగా నిలబడి నడుము ఎత్తులో పట్టుకోండి. స్వింగ్ మొదలయ్యాక బ్యాట్ నేలకి సమాంతరంగా వచ్చే ఫ్రేమ్ దగ్గర ఆపండి. మోచెయ్యి పక్కటెముకలని ఆనుకుని, చేతులకి వెనకే ఉంటే పర్లేదు. చేతులకన్నా ముందు, పిచ్చర్ వైపుకి పోయి ఉంటే ఆ పుణ్యం తమరిదే.

"టీవీలో వాళ్ళంతా లేపుతున్నారుగా" అంటారు, తెలుసు. లేపుతారు. 1967లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే ఏడాది బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, ఆర్బీఐలు మూడింట్లోనూ లీగ్‌లో మొదటి స్థానం) కొట్టిన కార్ల్ యస్ట్రెమ్‌స్కీ బ్యాట్‌ని ఎంత ఎత్తున పట్టుకునేవాడో పాత ఫొటోలు చూస్తే తెలుస్తుంది. 1994లో నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయిన హ్యూస్టన్ జెఫ్ బాగ్‌వెల్ కాళ్ళు బార్లా చాపి, కనపడని కుర్చీలో కూర్చుని ఆడాడు. మరి "కుర్చీలో కూర్చో, బడ్డీ!" అని ఎవరూ అరవరేం? నిలబడే తీరు ఎవరి సోకు వారిది. ముందు కాలు నేలకి ఆని స్వింగ్ మొదలయ్యే క్షణానికి వాళ్ళందరి చేతులూ వెనక భుజం దగ్గరికే వస్తాయి, బంతి తగిలేసరికి వెనక మోచెయ్యి ఒంటిని ఆనుకునే ఉంటుంది. తమరు సోకుని పట్టుకుని అసలు పని వదిలేశారు.

తమరి బంధువర్గాన్ని కూడా ఓసారి పలకరించి పోతాను. 'స్క్వాష్ ద బగ్' గారూ, వెనక కాలి కింద పురుగుని నలిపినట్టు మడమ తిప్పమని మీరు చెప్పబట్టి పిల్లలు కొట్టడం మానేసి అక్కడే గిర్రున తిరుగుతున్నారు. బరువంతా వెనక కాలి మీదే ఉండిపోతోంది. బరువు ముందు కాలికి వెళ్ళాలి, ఆ కాలు గట్టిగా నిలబడాలి, నడుము తిరిగితే వెనక పాదం దానంతటదే తిరుగుతుంది. కొట్టాక వెనక కాలు లేపి పిచ్చర్ వైపుకి ఒక అడుగు వేయమనండి. వేయలేకపోతే బరువు కదల్లేదన్నమాట. బ్యాట్ నేలకి సమంగా తిప్పమనే 'స్వింగ్ లెవెల్' గారూ, బంతి కిందకి దిగుతూ వస్తుంటే బ్యాట్ దానికి ఎదురుగా కాస్త పైకి పోవాలని 1941లో .406 బ్యాటింగ్ సగటు కొట్టిన టెడ్ విలియమ్స్ ఏనాడో చెప్పాడు. మీకన్నా ఆయనకి రెండు ముక్కలు ఎక్కువే తెలుసు.

'డోంట్ స్టెప్ అవుట్' గారిది ఇంకో చోద్యం. కుడిచేతి పిల్లాడు బంతి రాగానే ముందు కాలు థర్డ్ బేస్ వైపుకి తీసేస్తాడు. అది కాలి తప్పు కాదు, భయం. తగిలితే ఏమవుతుందోనని. అరిస్తే భయం పోతుందా? మెత్తటి టెన్నిస్ బంతులు తీసుకుని, కావాలని వాడి మీదకే విసిరి, ముందు భుజం క్యాచర్ (ప్లేట్ వెనక బంతి పట్టేవాడు) వైపు తిప్పి, గడ్డం దించి, వీపు మీద ఎలా తీసుకోవాలో నేర్పితే పోతుంది. ఆ తర్వాత మడమల వెనక ఒక చెక్క పలక పెట్టి టీ మీద కొట్టిస్తే కాలు దారిలోకొస్తుంది.

సరే, వాళ్ళ సంగతి అలా ఉంచు. నీ దగ్గరికే వస్తున్నా.

నువ్వు అరవడానికి పట్టేది ఒక్క క్షణం. నువ్వు చెడగొట్టింది బాగుచేయడానికి ఏం చేయాలో విను. బ్యాట్ పట్టిన రెండు ముంజేతులూ తిరగేసిన 'వి'లా ఉండాలి. చేతులు వెనక భుజం ఎత్తులో, దానికి బెత్తెడు దూరంలో. మోచేతిని ఓసారి దులిపించి, అది ఎక్కడ వేలాడితే అక్కడే వదిలెయ్యాలి. ఒక మెత్తటి చిన్న బంతిని వెనక చేతి ముంజేతికీ కండకీ మధ్య ఇరికించి టీ మీద కొట్టించాలి. చెయ్యి చాచేటప్పుడు అది పిచ్చర్ వైపుకి ఎగిరిపోతే స్వింగ్ కుదిరినట్టు, ముందే కాళ్ళ దగ్గర పడితే చెయ్యి తొందరపడి విడిపోయినట్టు. తర్వాత టీని ఛాతీ ఎత్తుకి లేపాలి. బ్యాట్ కిందకి వాలిపోయే పిల్లాడు అక్కడ బంతిని కొట్టలేడు, టీ రబ్బరుని కొడతాడు. ఆ 'డబ్' చప్పుడు వాడే వింటాడు, వాడే దిద్దుకుంటాడు, ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. ఒక్కో విడతకి ఎనిమిది, పది స్వింగులు చాలు. అలిసిన చెయ్యి మళ్ళీ పాత దారే పడుతుంది. చేతులు ఒంటికి దూరంగా విసిరే అలవాటు కూడా ఉంటే బ్యాట్ పిడి బొడ్డుకి ఆనించి, కొస కంచెకి తగిలేంత దూరంలో నిలబెట్టి, కంచెకి తగలకుండా మెల్లగా తిప్పమనాలి.

ఇంత చేసి, వారాల తరబడి చేసి, వాడి ఒంటికి పట్టేలోపు ఒక ఆట వస్తుంది. ఆటలో నువ్వొస్తావు. రెండు స్ట్రైక్‌ల మీద, అర సెకనులో వచ్చే బంతి కోసం కళ్ళు చికిలించుకుని నిలబడ్డ పిల్లాడికి మోచెయ్యి గుర్తు చేస్తావు. ఆ క్షణంలో వాడు చూడాల్సింది పిచ్చర్ చేతిలోంచి బంతి విడిచే చోటుని. ఆలోచించాల్సింది ఏమీ లేదు. నువ్వు వాడిచేత ఆలోచింపజేస్తావు. అందుకే నీ మీద ఇంత మంట. చెప్పింది తప్పు కావడం ఒకెత్తు, చెప్పిన సమయం ఇంకొకెత్తు. అదే సమయంలో సరైన మాట చెప్పినా అది తప్పే. వాడు బ్యాటర్ బాక్స్‌లో (ప్లేట్ పక్కన నిలబడే గడిలో) కాలు పెట్టాక నోరు మూసుకో. పేరు పెట్టి పిలవాలనుంటే పిలువు, "కమాన్" అను, అంతే. మోచెయ్యి గురించి ఏదైనా ఉంటే మంగళవారం ప్రాక్టీస్‌కి రా. టీ నీ చేతికే ఇస్తా, బంతులు నువ్వే పెడుదువుగాని.

ఇట్లు,
థర్డ్ బేస్ పక్కన గొంతు పోగొట్టుకున్న ఒక కోచ్

తా.క. ఆ 31 అంగుళాల బ్యాట్ కొనిపించింది కూడా నీ చుట్టాలే అని తెలిసింది. "ఎదిగే పిల్లాడు, వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అన్నారట. ఒంటి చేత్తో పిడి పట్టుకుని పక్కకి చాచి ఇరవై సెకన్లు వణక్కుండా నిలపలేని బ్యాట్ వాడికి బరువే, మోచెయ్యి ముందుకి తోసుకురావడానికి సగం కారణం ఆ బరువే. ఎనిమిది సార్లు లీగ్‌లో అత్యధిక సగటుతో బ్యాటింగ్ టైటిల్ గెలిచిన టోనీ గ్విన్ తోటివాళ్ళకన్నా చిన్న బ్యాటే వాడాడు. దాన్ని తీసుకుపోయి, 'యూఎస్ఏ బేస్‌బాల్' ముద్ర ఉన్నది, 28 అంగుళాలు 18 ఔన్సులది తెచ్చి ఇవ్వు. రసీదు జాగ్రత్త, ప్లాస్టిక్ కవరు చింపితే షాపువాడు వెనక్కి తీసుకోడు.