కోళ్లగంప కళ్లలో లెక్క

మన సంఘం పోటీల్లో లెక్కలంటే స్టాప్‌వాచే. ఎవరు ముందు బజర్ నొక్కితే వాళ్లదే కప్పు. ఈ ఏడాది ఒక్క గంటైనా ఆ బజర్ పక్కన పెట్టి, పిల్లల చేతికి కాగితం పట్టీలు ఇవ్వమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను.

కిందటి నెల నేనూ మా అమ్మాయీ ఆరు పట్టీలతో బంతి అల్లాం. మందపాటి కాగితం, సెంటీమీటరు వెడల్పు. పట్టీ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి వెళ్లాలి. మూడు పట్టీలు చేరినచోట చిన్న త్రికోణం పడి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, జిగురు అక్కర్లేదు. అందాకా బట్టల క్లిప్పులే దిక్కు. మా మొదటి బంతి చివరి పట్టీ దగ్గర క్లిప్పు జారి టేబులంతా విచ్చుకుంది. అమ్మాయి నా వైపు చూసిన చూపు చెప్పను.

అసలు సంగతి ఆ త్రికోణాల మధ్య మిగిలే ఖాళీల్లో, అంటే అల్లిక కళ్లలో ఉంది. ప్రతి కంటికీ ఆరు మూలలుంటే అల్లిక చాపలా పరుచుకుంటుంది. ఒకచోట ఐదు మూలలకే మూసేస్తే అక్కడ టోపీలా లేస్తుంది. ఏడు పెడితే గుర్రపు జీనులా అటు పైకీ ఇటు కిందికీ వంగుతుంది. చదును కాగితాన్ని ముడత పడకుండా బంతికి తొడగలేమన్నది 1827లో గణితవేత్త గౌస్ ఇచ్చిన సిద్ధాంతంలోంచి వచ్చే మాట. పట్టీలుగా కోసి అల్లితే ఆ ఇబ్బంది తప్పుతుంది.

మా బంతికి ఐదు మూలల కళ్లు పన్నెండు పడ్డాయి. చదునుగా పరుచుకోవాలంటే కంటి చుట్టూ 360 డిగ్రీలు ఉండాలి; ఐదు మూలలది ఒక్కోటీ అందులో 60 డిగ్రీలు మింగేస్తుంది, పన్నెండూ కలిపి 720. ఆరు మూలలవి ఎన్ని చేర్చి బంతిని పెంచినా ఆ పన్నెండు పన్నెండే. 1985లో బయటపడ్డ 60 కార్బన్ పరమాణువుల బంతిలాంటి అణువులోనూ అంతే. గారె ఆకారం కావాలంటే ఐదులు ఎన్నో ఏడులు అన్ని ఉండాలి.

జపాను వాళ్లు ఈ అల్లికని కగోమె అంటారు, బుట్ట కన్ను అని అర్థం. ఫిజిక్స్ వాళ్లు కూడా ఆ మాటే వాడుతున్నారు. మా అమ్మమ్మ ఇంట్లో మేదరాయన అల్లి ఇచ్చిన కోళ్లగంపకీ ఆరు మూలల కళ్లే ఉండేవి. స్టేజీ ఎక్కితే ఆర్యభట గొప్పలు చెప్పుకునే మనం, ఆ వెదురు బద్దలు చీల్చిన మనిషికి లెక్కలొచ్చని ఏనాడైనా అన్నామా?

దీనికి మార్కులెలా వేస్తారని కార్యవర్గంలో ఒకరు అడిగారు. వేయొద్దు. పట్టీలు నేను కోసి తెస్తాను, క్లిప్పులు మాత్రం ఎవరి ఇంటివి వాళ్లు తెచ్చుకోండి.