‘కరెంటు పెట్టి పంపుతారు, అంతే’ అన్న సందేశానికి నా జవాబు

ప్రైవేటు ఫిజియోథెరపీ మీద ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. ఈ నెలలో నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నవి ఐదు మాటలు: అక్కడ కరెంటు పెట్టి పంపడం తప్ప చేసేదేమీ లేదు, స్కాన్ తీయించకుండా ఒంటిమీద చెయ్యి వేయనివ్వకండి, మూడు సిట్టింగుల్లో నొప్పి పోకపోతే మోసమే, వ్యాయామాలన్నీ వీడియోల్లో ఉచితంగా దొరుకుతాయి, డిస్కు జారితే కావలసింది ఫిజియో కాదు, మంచం. నేను ఆ వృత్తిలోనే ఉన్నాను. జవాబులో నా స్వార్థం కొంత కలిసే ఉంటుంది, ఆ వాటా తీసేసి చదవండి.

మొదటి మాట. ఈ సందేశం రాసినవారికీ, ‘ఈరోజు కరెంటు పెట్టలేదేం?’ అని నా దగ్గర చిన్నబుచ్చుకునేవారికీ నమ్మకం మాత్రం ఒకటే: వైద్యమంతా యంత్రంలోనే ఉందని. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2016లో నడుము నొప్పి, సయాటికాల (నడుము నుంచి కాలిలోకి లాగే నరం నొప్పి) గురించి ఇచ్చిన సూచనల్లో అల్ట్రాసౌండ్ (స్కాన్ కాదు, నొప్పి ఉన్నచోట ధ్వని తరంగాలు పంపే యంత్రం), చర్మం మీద పట్టీలు అంటించి సన్నగా కరెంటు పంపే టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు ఇవ్వవద్దని సూటిగా చెప్పింది. చేత్తో చేసే చికిత్సను కూడా వ్యాయామంతో కలిపి అయితేనే ఇమ్మంది. కనుక రోజూ యంత్రం తగిలించి, అరగంట పడుకోబెట్టి పంపే చోటు ఉంటే, అక్కడికి వెళ్ళినవారి కోపం న్యాయమైనదే. నా తగాదా ఆ ‘అంతే’తో.

మొదటిసారి వెళ్ళినప్పుడు జరగవలసింది వేరు. ముప్పావుగంట నుంచి గంట పట్టవచ్చు, అందులో చాలా భాగం మాటలే. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, దగ్గితే కాలిలోకి లాగుతోందా, ఏ పని చేసుకోలేకపోతున్నారు, ఏ మందులు వాడుతున్నారు. ఆ తర్వాత వంగమంటారు, తిరగమంటారు. కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోందో కొలుస్తారు. కండరాల బలానికి 0 నుంచి 5 దాకా అంకె వేస్తారు. నడుము నొప్పి అయితే వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగనివ్వకుండా కాలు పైకెత్తి చూస్తారు. కొన్ని ప్రశ్నలు ఇబ్బంది పెడతాయి: మూత్రం రావడం కష్టమవుతోందా, తెలియకుండా పోతోందా, తొడల మధ్య మొద్దుబారిందా అని. కుతూహలంతో అడిగేవి కావివి. అవునన్నారంటే వెన్ను అడుగున నరాల కట్ట నలుగుతోందేమోనని అనుమానించాలి. ఆ రోజు వ్యాయామం ఉండదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పంపాలి. కారణం తెలియకుండా బరువు తగ్గడం, జ్వరం, ఇంతకు ముందు క్యాన్సర్ వచ్చి ఉండటం, ఇవీ ఆరా తీయవలసినవే. ‘ఇది నా చేతిలోది కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి’ అన్న మాట కూడా మీరు డబ్బిచ్చి తీసుకునే వైద్యంలో భాగం. ఇదేమీ లేకుండా నేరుగా బల్ల ఎక్కమంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి.

రెండోది, స్కాన్. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను స్కాన్ల మీద వచ్చిన అధ్యయనాలను 2015లో ఒకచోట చేర్చి చూశారు. డిస్కు అరుగుదల 20 ఏళ్ళవారిలో 37 శాతానికి, 80 ఏళ్ళవారిలో 96 శాతానికి కనిపించింది. నొప్పే లేనివారిలో ఇన్ని కనిపిస్తే, నొప్పి ఉన్నవారి స్కాన్‌లో కనిపించిన ప్రతిదీ ఆ నొప్పికి కారణం అనుకోలేం. కాలు బలహీనపడుతున్నా, ఎముక విరిగిందన్న అనుమానం ఉన్నా, పైన చెప్పిన లక్షణాలు ఉన్నా స్కాన్ కావాలి. మామూలు నొప్పికి, తొలి వారంలో, చాలామందికి అక్కర్లేదు.

‘మూడు సిట్టింగులు’ అన్న లెక్క ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు. కండరం చెప్పుకోదగ్గ బలం పుంజుకోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది, దాన్ని తొందరపెట్టే యంత్రం లేదు. బిగుసుకుపోయిన భుజం పూర్తిగా వదలడానికి ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్ళు. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయిన ఆటగాడిని 9 నెలల లోపు మైదానంలోకి పంపడానికి ఏ ఫిజియో అయినా జంకాలి. అయితే ఈ అనుమానంలో ఒక నిజం దాగి ఉంది. పరీక్ష చెయ్యకముందే ఇరవై సిట్టింగులకు డబ్బు కట్టమనేవారున్నారు, నేనూ చూశాను. అడగవలసింది నొప్పి ఎన్ని రోజుల్లో పోతుందని కాదు: ఎన్ని వారాల అంచనా, దేన్ని కొలిచి మెరుగయ్యానంటారు, కాకపోతే ఎప్పుడు దారి మారుస్తారు? నాలుగైదు సార్లు వెళ్ళినా కొలతల్లో ఏ మార్పూ లేకపోతే కారణం చెప్పవలసిన బాధ్యత మాది. సిట్టింగుల మధ్య ఎడం పెరుగుతూ పోవాలి, తగ్గకూడదు. వ్యాయామం చేసిన సాయంత్రం కాస్త నొప్పి ఉండటం మామూలే. మర్నాటికి పాత స్థితికి రాకపోతే మోతాదు ఎక్కువైనట్టు.

వీడియోల గురించి నాకు పెద్ద పేచీ లేదు. వ్యాయామం అదే, కొందరికి అదే చాలుతుంది. మీకు ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎప్పుడు పెంచాలి అన్నది మాత్రం వీడియో చెప్పలేదు.

చివరిది, మంచం. నెదర్లాండ్స్‌లో సయాటికాతో వచ్చిన 183 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును రెండు వారాలు పడుకోమన్నారు, రెండో జట్టును వీలైనంత తిరగమన్నారు. ఫలితాలు 1999లో వచ్చాయి. 12 వారాలకు రెండు జట్లలోనూ 87 శాతం మెరుగయ్యారు. పడుకున్నందుకు అదనంగా దక్కిందేమీ లేదు. జారిన డిస్కు ముక్కను శరీరమే కొన్ని నెలల్లో కరిగించుకోవడమూ తరచుగా జరిగేదే. ఇది ఫిజియోల గొప్ప కాదని కూడా ఇక్కడే చెప్పాలి. ఆ నెలల్లో మనిషి కదలడానికి భయపడకుండా, నడుము బలం పోగొట్టుకోకుండా చూడటం వరకే మా వంతు.

ఆ సందేశం పంపిన నలుగురిలో ఒకరికి నేనే మోకాలికి వైద్యం చేస్తున్నాను. ‘మీ గురించి కాదులెండి’ అని కింద ఒక వాక్యం చేర్చారు. ఆయన మెట్లు ఎక్కుతున్నారు, దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటున్నారు. వచ్చే సిట్టింగు పదిహేను రోజుల తర్వాత.