తండ్రి తెచ్చిన రాళ్లు, కొడుకు కట్టించిన బడులు

1971లో తాష్కెంట్ నుంచి ఇజ్రాయెల్‌కు వలస వచ్చిన ఒక బుఖారీ (మధ్య ఆసియా) యూదు కుటుంబం తన సంపాదనను వజ్రాలుగా మార్చుకుని వెంట తెచ్చుకుంది. సోవియట్ దేశం విడిచి వెళ్లేవాళ్లను డబ్బు పట్టుకెళ్లనిచ్చేవారు కాదు. వజ్రాలైతే గుప్పెట్లో ఇమిడిపోతాయి. తీరా ఇజ్రాయెల్‌లో అమ్మబోతే, అవి నాసిరకం రాళ్లని తేలింది. పెట్టిన సొమ్ములో కొద్ది భాగమే చేతికొచ్చింది. ఆ ఇంటి పెద్ద అవ్‌నర్ లెవియెవ్ బట్టల వ్యాపారి. గుడ్డ చూసి ధర చెప్పగలడు గానీ రాయి చూసి చెప్పలేడు. అప్పటికి కొడుకు లెవ్‌కు పదిహేనేళ్లు.

లెవియెవ్ అన్న ఇంటిపేరు మన పాఠకుల్లో చాలామందికి ఒక మోసగాడి వల్ల తెలిసింది. వజ్రాల వ్యాపారి కొడుకునని చెప్పుకుని ఆన్‌లైన్‌లో పరిచయమైన మహిళలను ముంచిన మనిషి వాడుకున్నది ఈ పేరే. అతనికీ ఈ కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు. అసలు లెవ్ లెవియెవ్ కథ అంతకంటే ఎంతో పెద్దది, ఆలోచించాల్సినది కూడా.

లెవ్ మతపాఠశాల చదువు మానేసి వజ్రాలు సానపట్టే పనిలో చేరాడు. ముడిరాయిని చూసి ఎక్కడ కోయాలో గీత పెట్టడం దగ్గర్నుంచి చివరి మెరుగు దాకా అన్ని దశలూ నేర్చుకున్నాడు. సాధారణంగా ఒక్కో పనివాడు ఒక్కో దశ దగ్గరే జీవితం గడిపేస్తాడు. ఈ కుర్రాడు మాత్రం మొత్తం పని నేర్చుకునే దాకా వదల్లేదు. 1977లో సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకున్నాడు. తండ్రి పోగొట్టుకున్న చోటే కొడుకు వెతికాడని నేననుకుంటాను.

అప్పట్లో ప్రపంచ వజ్రాల వ్యాపారం అంటే డి బీర్స్. 1888లో దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆ కంపెనీ గనుల నుంచి వచ్చే ముడిరాళ్లలో అత్యధిక భాగాన్ని తన గుప్పెట్లో పెట్టుకుంది. ఏడాదికి పదిసార్లు లండన్‌లో ఎంపిక చేసిన కొద్దిమంది కొనుగోలుదారులను పిలిచేది. ఒక్కొక్కరి ముందు ఒక పెట్టె పెట్టేవారు. లోపల ఏ రాళ్లుండాలో, ధర ఎంతో నిర్ణయించేది కంపెనీయే. బేరం లేదు. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. వద్దంటే మళ్లీ పిలుపు వస్తుందన్న నమ్మకం ఉండదు. ఈ కొనుగోలుదారులను సైట్‌హోల్డర్లు అంటారు. ఆ హోదా కోసం వ్యాపారులు తలకిందులుగా తపస్సు చేసేవారు. 1980ల్లో లెవియెవ్‌కు అది దక్కింది. అక్కడితో తృప్తి పడి ఉంటే ఇంకో సంపన్న వ్యాపారిగా మిగిలిపోయేవాడు.

ఆయన పట్టుకున్న కిటుకు వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. గని ఉన్న ప్రభుత్వం దగ్గరికి నేరుగా వెళ్లి, ముడిరాయిని లండన్‌కు ఎందుకు పంపుతారు, మీ దేశంలోనే సానపడదాం, మీ వాళ్లకే పని నేర్పిద్దాం అన్నాడు. సోవియట్ చివరి రోజుల్లో అక్కడి ప్రభుత్వ వజ్రాల సంస్థతో చేతులు కలిపి ఫ్యాక్టరీ పెట్టాడు. 1990ల మధ్యకు వచ్చేసరికి డి బీర్స్‌తో తెగతెంపులయ్యాయి. తర్వాత అంగోలాలో కాటోకా గనిలో వాటా తీసుకున్నాడు. 2000 నాటికి ఆ దేశపు వజ్రాల కొనుగోలు హక్కులన్నీ ఒకే సంస్థకు వెళ్లాయి. ప్రభుత్వానికి అందులో పెద్ద వాటా, లెవియెవ్ ఒక భాగస్వామి. 2004లో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో సానపట్టే ఫ్యాక్టరీ తెరిచాడు. ఆఫ్రికా రాయికి ఆఫ్రికాలోనే విలువ పెరగాలన్న మాట ఈ రోజు అక్కడి ప్రభుత్వాలన్నీ అంటున్నాయి. ఆ మాటను వ్యాపారంగా చేసి చూపించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటాడు. ఈ గౌరవం ఆయనకు పూర్తిగా ఇవ్వాలి.

ఇక దానం సంగతి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో లుబావిచ్ అనే యూదు శాఖ గురువు (రెబ్బే) మెనాఖెం మెండెల్ ష్నీయర్సన్ ఆదివారాలు గంటల తరబడి నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక డాలర్ నోటు పెట్టేవారు. అది దాచుకోవడానికి కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి. రష్యాలో వ్యాపారానికి లెవియెవ్ ఆయన ఆశీస్సులు అడిగితే, అక్కడి యూదులను మరిచిపోవద్దన్న షరతుతో దీవించారని చెబుతారు. 1992లో లెవియెవ్ తండ్రి పేరు మీద ఓర్ అవ్‌నర్ అనే సంస్థ పెట్టాడు. ‘అవ్‌నర్ వెలుగు’ అని దాని అర్థం. హీబ్రూ అక్షరాలు నేర్పితే జైల్లో పెట్టిన దేశంలో బహిరంగంగా యూదు బడులు తెరుచుకున్నాయి. రష్యా, ఉక్రెయిన్, ఉజ్బెకిస్తాన్ ఇలా పాత సోవియట్ దేశాలన్నిటా విస్తరించాయి. న్యూయార్క్ క్వీన్స్‌లో వలస బుఖారీ కుటుంబాల పిల్లలకు ఫీజు లేని స్కూలు పెట్టించాడు. తాష్కెంట్‌లో తండ్రి చాటుమాటుగా నిలబెట్టుకున్న మతజీవితాన్ని కొడుకు పట్టపగలు వేల పిల్లలకు అందించాడు. దీన్ని పేరు కోసం చేసిన దానమని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

యూదులు దీన్ని త్సెదాకా అంటారు. న్యాయం అనే మాట నుంచి పుట్టిన పదం అది. మన దగ్గర గడపలో నిలబడి చెయ్యి చాచేవాళ్లు కూడా ‘దానం చెయ్యండి’ అనరు, ‘ధర్మం చెయ్యండి’ అంటారు. రెండూ ఒకే ఆలోచన. ఇచ్చేవాడు దయ చూపడం లేదు, చెయ్యాల్సింది చేస్తున్నాడు. లెవియెవ్‌ను ఆ మాట మీదే నిలబెట్టి అడగాలని నా ఉద్దేశం.

ఎందుకంటే డి బీర్స్ గుత్తాధిపత్యం పగిలిన చోట స్వేచ్ఛా మార్కెట్ రాలేదు. ప్రభుత్వ పెద్దలతో దగ్గరితనం వచ్చింది. అంగోలాలో 1975 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం నడిచింది. తిరుగుబాటుదారులకు తుపాకులు కొనిపెట్టిందీ వజ్రాలే. వాళ్ల చేతికి రాళ్లు పోకుండా ఒకే కొనుగోలుదారు ఉండాలన్న వాదనలో కొంత నిజముంది. కానీ గనులున్న లుండా ప్రాంతాల్లో భద్రతా సిబ్బంది చేతుల్లో చిన్న తవ్వకందారులు పడిన హింసను అంగోలా జర్నలిస్టు రఫాయెల్ మార్కెస్ ఏళ్ల తరబడి రాస్తూ వచ్చారు. రష్యాలోనూ దానమూ అధికారమూ కలిసే నడిచాయి. లెవియెవ్ అధ్యక్షుడిగా ఉన్న యూదు సమాఖ్య 2000 జూన్‌లో బెరెల్ లజార్‌ను దేశ ప్రధాన రబ్బీగా, అంటే యూదు మతగురువుగా ఎన్నుకుంది. పోటీ యూదు సంస్థకు అండగా ఉన్న మీడియా అధిపతి గుసిన్స్కీ అరెస్టయిందీ ఆ నెలలోనే.

ఇజ్రాయెల్‌లో ఆయన కొన్న ఆఫ్రికా ఇజ్రాయెల్ కంపెనీ అనుబంధ సంస్థ, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని యూదు కాలనీల్లో (సెటిల్‌మెంట్లలో) ఇళ్లు కట్టింది. ఆ కారణంతో 2008లో యూనిసెఫ్ ఆయన విరాళాలు వద్దనుకుంది. 2010లో నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి ఆ కంపెనీలో పెట్టుబడులు మానేసింది. దాత డబ్బు ఎక్కడిదని అడిగే సంస్థలు ఉండటం మంచిదే. ఈ లోపు 2007లో న్యూయార్క్ టైమ్స్ పాత భవనాన్ని 52.5 కోట్ల డాలర్లకు కొన్నాడు. 2009లో అప్పులు తీర్చలేమని కంపెనీ చేతులెత్తేసింది. కంపెనీ అప్పు కోసం అమ్మిన బాండ్లలో మామూలు ఇజ్రాయెలీల పెన్షన్ సొమ్ము కూడా ఉంది. 2018లో ఆయన వజ్రాల సంస్థకు సంబంధించి స్మగ్లింగ్ అనుమానాలతో ఇజ్రాయెల్ పోలీసులు కొందరిని అరెస్టు చేశారు. సంస్థ ఆ ఆరోపణలను ఖండించింది.

ఈ కథ మనకు ఎందుకంటే, వజ్రాలతో యూదు వ్యాపారుల బంధంలో మన గడ్డకూ చోటుంది. పదిహేడో శతాబ్దంలో మద్రాసులో స్థిరపడిన యూదు వర్తకులు యూరప్ నుంచి పగడాలు, వెండి తెప్పించి గోల్కొండ వజ్రాలు కొనేవారు. చెన్నైలో కోరల్ మర్చంట్ స్ట్రీట్ పేరు ఇప్పటికీ అదే గుర్తు చేస్తుంది. కొల్లూరు గనిలో 60 వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో మాత్రం తొలకరి పడగానే వేట ఇప్పటికీ మొదలవుతుంది. ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలతో వస్తారు. వాన వెలిశాక తడి ఎర్రమట్టిలో తళుక్కుమన్న ప్రతి రాయినీ తీసి, పైటకొంగుతో తుడిచి, ఎండకు పెట్టి చూస్తారు. నిజంగా దొరికినవాళ్లు ఎవరికీ చెప్పరు. సాయంత్రానికి వ్యాపారి వస్తాడు. కొంత నగదు, కొన్ని తులాల బంగారం అంటాడు. రాయి ఎన్ని క్యారెట్లో, సానపడితే ఎంత పలుకుతుందో తెలిసింది అతనొక్కడికే. తీసుకున్నవాళ్లు ఆ రాత్రికి సంతోషంగానే ఇంటికి పోతారు.

తండ్రికి జరిగింది ఇంకెవరికీ జరగకుండా లెవియెవ్ ఏం చేశాడన్నదే ఆయన్ని అడగాల్సిన ప్రశ్న. విండ్‌హోక్‌లో సానరాయి ముందు కూర్చున్న యువతకు ఆయన కొంత జవాబిచ్చాడు. తాష్కెంట్ బడిపిల్లలకు పూర్తి జవాబే ఇచ్చాడు. లుండాలో నడుముల్లోతు నీళ్లలో కంకర జల్లెడ పట్టే మనిషి ఇంకా అవ్‌నర్ నిలబడిన చోటే ఉన్నాడు.