పాలు మనింట్లో, పెంట పక్కింట్లో

కడపలో కొత్తగా కట్టే ఇళ్లలో మట్టి కనబడడం తగ్గిపోయింది. గేటు నుంచి పెరటిగోడ దాకా నాపబండలు పరిచేస్తున్నారు. మన జిల్లా బండే, కడుక్కోవడమూ తేలిక. ఆ ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం చిక్కే. మట్టి గీరి, పెంట పూడ్చుకునే జీవి అది. బండను గీరలేదు కదా! గోడ దూకి, గుల్లమట్టి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఎర్రముక్కపల్లె లాంటి చోట ఇంకా మల్లెపాదు, కొత్తిమీర మడి ఉంచుకున్నవాళ్లకు, ఇల్లు కట్టుకోవడానికి ఇసుక తోలించుకున్నవాళ్లకు ఆ ఖర్మ. బండలు పరిచింది ఒకరు, ఎత్తిపోసేది ఇంకొకరు.

"మీ పిల్లి మా మడంతా పాడు చేసిందమ్మా" అని అడిగితే వచ్చే జవాబు తెలిసిందే. "అది మాది కాదక్కా, వస్తే ఇంత పెరుగన్నం పెడతాం, అంతే." ఎలుకను పట్టిన రోజు మాత్రం అది వాళ్ల పిల్లే. రోజూ గిన్నె పెట్టేవాళ్లే యజమానులని నేనంటాను. దానికి లైసెన్సు, పట్టా అక్కర్లేదు.

పిల్లిని ఇంట్లోనే కట్టడి చేయమంటే మన దగ్గర కుదరదు. ఎండాకాలం తలుపులు తెరిచే ఉంటాయి, మిద్దెలు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఒక పాత ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పోసి, నీడపట్టున, తిండిగిన్నెకు దూరంగా పెడితే చాలు. రోజూ శుభ్రం చేయాలి, మురికిగా ఉంటే అది మళ్లీ గోడ దూకుతుంది.

రోజూ అనడానికి ఇంకో కారణముంది. గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి వద్దంటారు పెద్దలు. ఆ భయం పూర్తిగా వట్టిది కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కొన్ని పిల్లుల మలంలో ఉంటుంది. అయితే బయట పడ్డాక అది అంటుకునే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. తడిమట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అంటే రోజూ ఎత్తేసే టబ్బు కన్నా ఎవరూ చూడని కొత్తిమీర మడే ప్రమాదం. పిల్లి సరదా ఒకరిది, రోగభయం పచ్చడి చేసుకునే పక్కింటివాళ్లది.

ఇక పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఐదారు నెలల పిల్లే చూలు కట్టగలదు, రెండు నెలల్లో ఈనుతుంది. తలుపుల మీద ఉచ్చ చిమ్మి కంపు చేసేది ఎక్కువగా ఆపరేషన్ కాని మగపిల్లి. గేదెకు జ్వరమొస్తే డాక్టరును పిలుస్తాం, పిల్లికనేసరికి నవ్వుతాం. జిల్లాలో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలే ఉంది, అడిగి చూడడానికేం?

విసిగినవాళ్లు చేసేదీ తక్కువ కాదు. చేపముక్కలో ఎలుకల మందు, గోతంలో కట్టి ఊరవతల వదిలేయడం. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం జంతువుకు విషం పెడితే ఐదేళ్ల దాకా జైలు. పోనీ, ఆ ఒక్కటీ పోయినా ఆ జాగాలోకి ఇంకోటి వస్తుంది. పిల్లి రాకుండా చల్లే కలరా ఉండలు కూడా దానికి విషమే, పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటే ఇంకా ఘోరం. విత్తనం వేసిన మడి మీద నాలుగు రేగికంపలు పరచండి, ఇసుక మీద టార్పాలిన్ కప్పండి. ఆ టార్పాలిన్ డబ్బులు మాత్రం పిల్లిని సాకేవాళ్లే ఇవ్వాలి, మడిలో పడ్డది వాళ్లే వచ్చి తీయాలి. ఒప్పుకోకపోతే పేచీ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.