ఆర్టీవో అడగని రంగు

రాష్ట్రంలో ఇన్ని సమస్యలు పెట్టుకోని కారు డ్యాష్‌బోర్డుకి రంగేసుకోవడం మీద వ్యాసం రాస్తావా అని ఎవురైనా అడిగితే నాదొకటే జవాబు, రంగుని తక్కువ చెయ్యొద్దు సామీ. పంచాయతీ ఆఫీసు గోడలకి ఏ రంగు ఉండాల అనే ముక్క మీద మన రాష్ట్రం 2020లో హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయొచ్చింది. గోడకే అంత కథ ఉంటే, మనిషి రోజూ ఎదురుగా కూచోని చూసే డ్యాష్‌బోర్డుకి ఎంత ఉండాల?

పైగా ఇది స్వేచ్ఛకి సంబంధించిన విషయం. బండి బయట రంగు మన చేతిలో లేదు, ఆర్సీలో రాసుంటాది, మార్చాలంటే ఆర్టీవో ఆఫీసుకి పోయి చెప్పుకోని ఆర్సీలో కూడా మార్పించుకోవాల. లోపల రంగు అట్లా కాదు. అలిపిరి కాడ డిక్కీ తెరిపిస్తారు, సంచులు చూస్తారు, ఏసీ వెంట్ చుట్టూ ఉండే పట్టీ సిల్వర్‌దా నల్లదా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలా. మధ్యతరగతి మనిషికి ఎవురి పర్మిషనూ అక్కర్లేని జాగా ఈ భూమ్మీద ఏదన్నా మిగిలుందంటే ఆ జానెడు ప్లాస్టిక్కే. ఇది తెలిసే మా పక్కింటన్న తన కారులో ఆ పట్టీకి నల్లరంగు ఏసుకోవడానికి నడుం బిగించినాడు.

అన్న గురించి ఒక మాట చెప్పాల. ఇంట్లో ట్యూబ్‌లైట్ కొట్టుకుంటా ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా దాన్ని తల పైకెత్తి కూడా చూడడు. అట్లాంటాయన లక్షలు పోసి కొన్న కారు మూతి విప్పడానికి రెడీ అయినాడంటే కారణం ఒకటే, రేణిగుంట రోడ్డులో టింకరింగ్ షాపాయన చెప్పిన రేటు. "పట్టీకి రంగెయ్యడానికి అంతనా, నేనే ఏసుకుంటా పో" అనేసి వచ్చినాడు. మన దేశంలో ఎన్నో మహత్కార్యాలు ఈ మాటతోనే మొదలైనాయి, ఎన్ని పూర్తయినాయి అనే లెక్క వేరే. తర్వాత ప్రైమర్ డబ్బా, నల్లరంగు స్ప్రే డబ్బాలు, క్లియర్ కోట్, మాస్కింగ్ టేపు, క్లిప్పులు విరక్కుండా పైకి లేపే ప్లాస్టిక్ బద్దల సెట్టు, మాస్కు, గ్లౌజులు అన్నీ కొనుక్కోని లెక్కేస్తే షాపాయన రేటు ఎప్పుడో దాటిపోయింది. అన్న దీన్ని ఆదా అంటాడు. డబ్బాల్లో మిగిలిన రంగు ఉంది గదా అంటాడు, ఇంక ఏమేం నల్లగా మారబోతాయో అని వదిన భయపడతా ఉండాది.

విప్పే ముందర అసలైన రాజ్యాంగ సంక్షోభం ఒకటి వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద, ఎడం పక్క, ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్ అని అచ్చు పోసిన మూత మీద సరిగ్గా నడిమధ్యలో స్వామి ఉండాడు, డబుల్ టేపుతో. షోరూములోంచి బండి వచ్చిన రోజే అతికించింది. ఆ మూత ఊరికే అందానికి పెట్టింది కాదు, కింద బ్యాగు పేలితే చీలిపోవడానికి దాని లోపలి పక్క గీత ఉంటాది. కన్ను మూసి తెరిచేలోపల అది తెరుచుకోవాల, దాని మీద ఏదన్నా అతికించి ఉంటే అది బుల్లెట్ మాదిరి ఎగిరొచ్చి పక్క సీట్లో మనిషికే తగులుతాది. కాబట్టి ఆ మూతకి రంగేయకూడదు, దాని మీద ఏదీ అతికించకూడదు. 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడళ్ళకి ముందర కూచునే ఇద్దరికీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అని కేంద్రం రూల్ పెట్టింది గానీ, స్వామిని యాడ పెట్టాల అనే దాని మీద ఒక్క ముక్క రాయలా. వదిన అడిగింది, "స్వామి ఉండంగా ఎయిర్‌బ్యాగు ఎందుకు?" అని. తిరుపతిలో ఉండి ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మగోడు ఇంకా పుట్టలా. చివరికి మంచి రోజు చూసి, హెయిర్ డ్రయ్యర్‌తో టేపు వెచ్చబెట్టి, స్వామిని మధ్యలోకి, ఏసీ వెంట్ల పైకి జరిపినారు. కొబ్బరికాయ కొట్టినారు, చక్రం కింద నిమ్మకాయ మాత్రం పెట్టలా, ఎందుకంటే ఈ కార్యక్రమంలో బండి యాడికీ పోదు గదా.

ఇంక విప్పడం. బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగాల, ఎయిర్‌బ్యాగు వైర్లలో కరెంటు మిగిలుండకూడదు. అన్న ఆగినాడు, కాఫీ తాగినాడు, ఇంత వరకు వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత ప్లాస్టిక్ బద్దని సందులో దూర్చి లేపితే మొదటి క్లిప్పు టక్‌మన్నది. ఆ టక్ అనే శబ్దం ఉంది చూడండి, అది క్లిప్పు ఊడినా అదే, విరిగినా అదే, తయారు చేసినోళ్ళు ఎంత ఆలోచించి చేసినారో గానీ తేడా చెవికి తెలీదు. ఇంకో టక్‌కి పట్టీ ముందుకి వచ్చింది, వెనకాల హజార్డ్ స్విచ్ వైరు ఇంకా తగిలించే ఉంది, అన్న ఇంకొంచెం లాగినాడు. వైరు తెగలా, ఆయన బొటనవేలి గోరు లేచింది. మెటల్ క్లిప్పు ఒకటి జారి డ్యాష్‌బోర్డు లోపల చీకట్లోకి పోయింది, దాన్ని వెతకడానికి ఫోన్ టార్చి ఏసి, తర్వాత ఫోన్ కూడా జారి, ఆ వివరాలు ఇక్కడ వద్దులే.

రంగులో అసలు పనంతా రంగు ముందరే ఉంటాదని షాపుల్లో పిల్లోడు కూడా చెప్తాడు. కొన్నప్పట్నుంచి ప్రతి ఆదివారం అన్న ఆ పట్టీకి నిగనిగలాడే పాలిష్ రుద్దినాడు, దాంట్లో సిలికాన్ ఉంటాది, అది పోయేదాకా ఐపీఏ అనే ఆల్కహాల్‌తో తుడవాల, లేకపోతే రంగు గుంటలు గుంటలుగా విడిపోతాది. పట్టీ వెనకాల అది ఏ రకం ప్లాస్టిక్కో, ఏబీఎస్ అనో పీపీ అనో అచ్చేసుంటాది, పీపీ అయితే రంగు పట్టే మందు ముందరేసుకోకుంటే ఎంత ఖరీదైన పెయింటయినా పెచ్చు మాదిరి లేచొస్తాది. 600 నంబర్ వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా గీకాల. అన్న వెనక తిప్పి చూడలా, నాలుగు రుద్దులు రుద్ది, "రంగేస్తే ఇదంతా కనపడదు గదప్పా" అన్నాడు. ఈ వాక్యాన్ని నేను వెక్కిరించను. ఇది అన్న ఒక్కడి మాట కాదు, మన ఊళ్ళో పరిపాలనా విధానం. వీఐపీ వస్తాడంటే రాత్రికి రాత్రి డివైడర్‌కి రంగు పడతాది, కింద దుమ్ము దుమ్ముగానే ఉంటాది, మొదటి వానకి అది పొరలు పొరలుగా లేస్తాది, మళ్ళీ ఇంకో వీఐపీ. మనకి రంగు కావాల, గీకుడు వద్దు.

మిద్దె మీద, నైరుతి గాలిలో, పక్కింట్లో ఎండబెట్టిన మిరపకాయల పక్కన మొదటి కోటు పడింది. సన్నగా కొట్టి పది పదైదు నిమిషాలు ఆగి మళ్ళీ సన్నగా కొట్టాలని డబ్బా మీదే రాసుంటాది, అన్న డబ్బా ఖాళీ అయ్యేదాకా ఒకే ఊపులో కొట్టినాడు, కారింది. కారిన చోట గీకి ఏస్తే కింద రంగు చర్మం మాదిరి ఊడొచ్చింది. ఇట్లా కొన్ని ఆదివారాలు పోయినాయి. ఆఖరికి, నిజం చెప్పాలంటే, దూరం నుంచి బాగానే వచ్చింది, పియానో మాదిరి నల్లగా, ఒక మిరప గింజ శాశ్వతంగా లోపల.

బిగించినాక కొండకి పోయినాం. లోపల పడిన క్లిప్పు ఘాట్ రోడ్డులో ప్రతి మలుపుకీ ఈ పక్కనుంచి ఆ పక్కకి పోతా కటకటమంటాది, దిగేటప్పుడు, 1944 నాటి పాత రోడ్డు గదా, కచేరీయే. ఇంకోటి, సాయంత్రం పూట రేణిగుంట వైపు పోతా ఉంటే వెనకద్దంలోంచి వచ్చిన ఎండ ఆ మెరుపు మీద పడి నేరుగా కంట్లో కొడతాది. ఇందుకే కొంతమంది మ్యాట్ రంగు ఏస్తారు, వాళ్ళకి అందం తెలీదని అన్న అభిప్రాయం.

అయితే పరిష్కారం కూడా అన్నే కనిపెట్టినాడు. యాక్సెసరీస్ షాపుకి పోయి కుచ్చులు వేలాడే ముదురెరుపు వెల్వెట్ గుడ్డ తెచ్చి డ్యాష్‌బోర్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకి కప్పినాడు, కుచ్చులు పట్టీ కిందికి దిగినాయి. ఎయిర్‌బ్యాగు మూత కూడా దాని కిందే పోయింది, చెప్తే వినలా. "ఏంనా, కష్టపడి రంగేసి కప్పేసినావే" అంటే, "ఎండకి పెయింటు పోతాది గదప్పా" అన్నాడు. చూపించమంటే అటూ ఇటూ చూసి, గుడ్డని రెండు వేళ్ళ మందం ఎత్తి, మళ్ళీ దించేసినాడు.

"చాల్లే, దుమ్ము పడతాది."