జనవరి 1 జాబితాలు

(ఒడిశాలో గోపాల్‌పూర్ ఒడ్డున తెలుగు మత్స్యకారుల వాడ. వల బాగుచేస్తున్న మావయ్య, బరంపురంలో లా చదివే మేనకోడలు.)

మేనకోడలు: ఏటా జనవరి 1న మనమూ పాకిస్తానూ రెండు జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాం మావయ్యా. జైళ్లలో ఉన్న ఖైదీలది, మత్స్యకారులది ఒకటి. ఎంతమందో పేపర్లో వేస్తారు. అణుకేంద్రాలది రెండోది. 1988 ఒప్పందం ప్రకారం 1992 నుంచి నడుస్తోంది. అందులో ఏముందో మాత్రం మనకు చెప్పరు. పాకిస్తాన్‌కి తెలిసింది నాకు తెలియకూడదా?

మావయ్య: వాటి మీద దాడి చెయ్యబోమని వాళ్ల ప్రభుత్వం సంతకం పెట్టిందమ్మా. బాంబులు పెట్టేవాడు పెట్టలేదు కదా!

మేనకోడలు: సరే, అది వదిలేస్తా. 1962 చైనా యుద్ధంలో ఓటమి మీద మన సైన్యం 1963లో ఇచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదిక మాటేంటి? ఏ ప్రభుత్వమూ బయటపెట్టలేదు. పరువు తప్ప అందులో కాపాడేదేముంది?

మావయ్య: దాన్ని నేనూ వెనకేసుకురాను. నేననేది బేరం సంగతి. 2018లో గుజరాత్ పడవల మీద పనికెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో ఇరవై మందిని వాఘా దగ్గర వదిలారు. ఈలోగా లోపలి మాటలు రోజూ టీవీకెక్కితే, వదలాలనుకున్నవాడు కూడా వదల్లేడు. పడవ దిగగానే షావుకారుకి 'ఇంతకైనా ఇచ్చేస్తాం' అంటామా?

మేనకోడలు: అనం. ఎంతకమ్మావో ఇంటికొచ్చి అత్తకి చెప్పాలిగా!

(మావయ్య దగ్గర దీనికి జవాబు లేదు. దారి మార్చాడు.)

మావయ్య: 1971 జూలైలో అమెరికా దూత కిసింజర్ చాటుగా చైనా వెళ్లబట్టే కదా అమెరికా, చైనా మాటలు కలిసింది?

మేనకోడలు: ఆ చాటుదారి పాకిస్తాన్‌దే. తూర్పు బెంగాల్లో జనాన్ని చంపుతుంటే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పాకిస్తాన్ పాలకుడు యాహ్యాఖాన్‌ని గట్టిగా ఒక్క మాట అనకపోవడానికి ఇదీ ఓ కారణం. కోటిమంది దాకా శరణార్థులు వచ్చిపడింది మన మీద. మాట్లాడేటప్పుడు తలుపులేసుకోండి, ఎవరొద్దన్నారు? సంతకానికి ముందు మాత్రం పార్లమెంటు ఓటు అడగండి. ఇప్పుడు అన్ని ఒప్పందాలకీ ఆ ఆమోదం తప్పనిసరి కాదు.

మావయ్య: అప్పుడు ప్రతి ఒప్పందమూ ఎలక్షన్ గొడవే. 1974లో రామేశ్వరం దగ్గరి కచ్చతీవు దీవి శ్రీలంకకి పోయింది, ఇప్పటికీ ఓట్లప్పుడు లేస్తోంది.

మేనకోడలు: అడక్కుండా ఇచ్చారు కాబట్టే లేస్తోంది.

మావయ్య: రామేశ్వరం వాణ్ణి అడిగితే ఇవ్వొద్దంటాడు.

మేనకోడలు: అననీ. విన్నాక కూడా ఇవ్వాలనిపిస్తే, ఎందుకిస్తున్నారో వాడి మొహాన చెప్పి ఇమ్మను.